గ్రామమున ప్రమాదకర పదార్థములు: తనిఖీ అధికారి పని, పంచాయతీ బాధ్యత

మా జీపు ఊరి పొలిమేర దాటిన పది నిమిషములలో ఎరువుల కొట్టువారికి కబురు అందును. కొట్టు ముందరి బల్లమీద పరచియున్న సీసాలు లోపలికి పోవును. రసీదు పుస్తకము పైకి వచ్చును. మేము వచ్చిన సంగతి అందరికంటె ఆలస్యముగ తెలియునది పంచాయతీవారికి. సాయంకాలము మేము తిరిగిపోవునపుడు సర్పంచి గారు రచ్చబండవద్ద ఎదురైనచో, "ఏమండీ, మా ఊరికి ఏ పనిమీద వచ్చినారు?" అని మర్యాదకు అడుగుదురు. నిలువుకాళ్లమీద చెప్పదగినంత చిన్న జవాబు ఆ ప్రశ్నకు లేదు. అందుచేత ఇక్కడ కొంత విపులముగ చెప్పదలచితిమి.

పురుగు మందులు, ఆమ్లములు, విషవాయువులు, మండెడి ద్రవములు, కర్మాగారముల వ్యర్థములు మొదలగునవి జనుల ఆరోగ్యమునకు హాని చేయకుండ ఎక్కడ ఎట్లు నిలువయున్నవో చూచుట మా పని. మన దేశమున ఈ పని ఒకే శాఖ చేతిలో లేదు. పురుగు మందుల కొట్లను తనిఖీ చేయువారు వ్యవసాయాధికారులు. చట్టము వారిని కీటకనాశినుల ఇనస్పెక్టర్లు అనును. కర్మాగారము లోపలి భద్రతను కర్మాగారముల శాఖ చూచును. గాలిలోనికి, నీటిలోనికి వదలుదానిని కాలుష్య నియంత్రణ మండలి చూచును. జబ్బుపడినవారిని ఆరోగ్య శాఖ చూచును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కౌంటీ ప్రభుత్వపు పర్యావరణ ఆరోగ్య నిపుణుడే రసాయనముల నిలువలను, ప్రమాదకర వ్యర్థములను, పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులను కూడ తనిఖీ చేయుట కలదు. మన పద్ధతియందు ప్రతి శాఖకు తన పని బాగుగ తెలియును గాని, ఒక శాఖ పని ముగిసిన చోటికి, మరియొక శాఖ పని ఆరంభమగు చోటికి నడుమ కొంత ఖాళీ మిగులును. ఆ ఖాళీ ఎప్పుడును ఏదో ఒక గ్రామపంచాయతీ హద్దులోనే ఉండును.

ఏ శాఖవారమైనను మేము అడుగు ప్రశ్నలు నాలుగే. ఇది ఏమి? ఎంత ఉన్నది? ఎక్కడ ఉన్నది? దాని ప్రక్కన ఏమున్నది? కొత్తగ ఉద్యోగమున చేరినవారు మొదటి రెండు ప్రశ్నలపైననే శ్రద్ధ చూపుదురు. అనుభవము వచ్చినకొలది నాల్గవ ప్రశ్నయే పెద్దదని తెలియును. పురుగు మందు తనంతట తాను బియ్యపు బస్తావద్దకు నడచిపోదు. రెంటిని ఒక చోట చేర్చునది మనిషి చేయి.

ఇందుకు మన దేశ చరిత్రలో పెద్ద సాక్ష్యము 1958 నాటి కేరళ దుర్ఘటన. పారథియాన్ అను పురుగు మందును, ఆహార ధాన్యపు పిండి బస్తాలను ఒకే ఓడలో వేసి పంపిరి. మందు కారి పిండిలోనికి దిగెను. ఆ పిండితో వండినది తిని నూరుమందికి పైగా మరణించిరి. పిండి కొన్నవారు పిండినే కొన్నారు. వండినవారు పిండినే వండినారు. వారి చేతికి వచ్చిన బస్తాపైన మందు పేరు ఎట్లుండును? భారత ప్రభుత్వము న్యాయమూర్తి జె. సి. షా గారిచే విచారణ జరిపించెను. పది సంవత్సరములకు, 1968లో, కీటకనాశినుల చట్టము వెలువడెను. దాని నియమములు 1971లో వచ్చినవి. కొట్టు తలుపు తట్టుటకు ఇనస్పెక్టరుకు అధికారము ఈ చట్టమునుండి వచ్చినదే. చట్టపు పుస్తకము చదువునపుడు మాకు ఆ పిండి బస్తాలు గుర్తువచ్చుచుండును.

కొట్టులో జరుగు తనిఖీ యెట్టిదో సభ్యులు ఒకసారి దగ్గర నిలిచి చూచుట మంచిది. ముందుగ లైసెన్సు చూచుట. అది అందరికి కనబడునట్లు కొట్టులో పెట్టియుండవలెను. తరువాత స్టాకు రిజిస్టరు. అందలి లెక్కకు, బీరువాలోని డబ్బాలకు పొత్తు కుదురవలెను. తక్కువైనచో రసీదు లేకుండ అమ్మినారని అర్థము. ఎక్కువైనచో బిల్లు లేని సరుకు ఎక్కడినుండియో వచ్చినదని అర్థము. నకిలీ మందునకు రాచబాట ఈ బిల్లు లేని సరుకే. పిమ్మట గడువు తేదీలు చూచుట. ఆ మీదట మందులు ఉంచిన చోటు. ఇతర సరుకులున్న గదికి వేరుగ ప్రత్యేకపు గదిలోగాని, తాళము వేసిన ప్రత్యేకపు బీరువాలోగాని మందులు ఉండవలెనని నియమము. ముందువైపు పప్పు, ఉప్పు, పిల్లల బిస్కట్లు, వెనుకవైపు పురుగు మందులు పెట్టి నడుమ గోనెపట్టా వ్రేలాడదీసిన కొట్లను మేము చూచియున్నాము. "తెర కట్టినాము గదండీ" అని వారు మాకు సమాధానము చెప్పిరి. గోనెపట్టా ఎలుకను కూడ ఆపలేదు.

అనుమానము తోచినచో నమూనా తీయబడును. దానిని ఉచితముగ పట్టుకొనిపోవుట కాదు, తగిన వెల ఇచ్చి తీసికొనుట. కొట్టువారి యెదుటనే నమూనాను మూడు భాగములు చేసి, సీలు వేసి, ఒకటి వారికే ఇచ్చి, ఒకటి ప్రయోగశాలకు పంపి, ఒకటి న్యాయస్థానము కొరకు భద్రపరచవలెను. ప్రయోగశాలవారు 30 దినములలో నివేదిక ఇయ్యవలెను. ఆ లోపల ఆ మందు అమ్మకమును నిలుపుటకు ఇనస్పెక్టరుకు అధికారము కలదు. ఈ వేళ సాక్షి సంతకము కావలసియున్నదని పిలిచినచో ఊరి పెద్దలు చేలో పని యున్నదని తప్పించుకొందురు. కొట్టువారితో మొగమాటము ఉండుట మాకు తెలియనిది కాదు. అప్పు పుస్తకమంతయు ఆయన వద్దనే ఉండును. అయినను కేసు నిలుచుటకును వీగుటకును పెక్కుసార్లు ఆ సీలు, ఆ సంతకమే కారణములు. నకిలీ మందువలన చేను పోయిన రైతు పంచాయతీకి వచ్చి మొరపెట్టుకొనునాటికి, సంతకము చేయవలసిన దినము దాటిపోయియుండును.

డబ్బాపైని గుర్తును గూర్చి కొంత చెప్పవలెను. ప్రతి మందు డబ్బామీదను మూలపై నిలబెట్టిన చదరపు గుర్తు ఒకటి ఉండును. అది రెండు త్రిభుజములుగ విడదీయబడియుండును. క్రింది త్రిభుజపు రంగు విషము తీవ్రతను తెలుపును. ఎరుపు అన్నిటికంటె తీవ్రము, తరువాత పసుపు, తరువాత నీలము, చివరిది ఆకుపచ్చ. ఎరుపు గుర్తు పైభాగమున పుర్రె, ఎముకలు ఉండును. ప్రయోగములలో జంతువు బరువు కిలో ఒక్కింటికి 50 మిల్లీగ్రాములు లేక అంతకు తక్కువ నోటిలోనికి పోయినచో సగము జంతువులు చచ్చునట్టి మందులు ఎరుపు తరగతికి చెందును. 20 కిలోల బరువునకు ఆ లెక్క కట్టి చూడుడు: 1 గ్రాము. ఒకటవ తరగతి చదువు బిడ్డ బరువు సుమారుగ అంతయే. ఇక ఆకుపచ్చ అనగా తాగదగినది అని కాదు. ఆకుపచ్చ గుర్తు చూచి ముక్కుకు కట్టిన గుడ్డ విప్పివేయు కూలీలను మేము పలుమార్లు వారించితిమి.

ఈ గుర్తు చదువుట ఊరిలో ఎందరికి వచ్చును? చదువు రానివారికి కూడ రంగు తెలియును గదా యని ఈ పద్ధతి పెట్టిరి. అది మంచి ఆలోచనయే. అయితే రంగు డబ్బాపైన ఉన్నంతవరకే దానివలన లాభము. చీటీ ఊడిన డబ్బా ఒక మూగ డబ్బా.

కొన్ని సంవత్సరముల క్రిందట మిరప పండించు ఒక గ్రామమున ఇట్టి మూగ డబ్బాను చూచితిమి. కొట్టు తనిఖీ ముగించి, చేల గట్టున నడచి వచ్చుచుండగా, కాయ కోయుచున్న కూలీలకు ఒక ముసలమ్మ నీళ్లు పోయుచుండెను. 20 లీటర్లు పట్టు తెల్లని ప్లాస్టిక్ డబ్బా. మూత ఎర్రనిది. చీటీ ఉండిన చోట జిగురు మరక మాత్రము మిగిలియున్నది. మేము ఆగి అడిగితిమి.

"అవ్వా, ఈ డబ్బా ఎక్కడిది?"

"పాత సామాన్లవాడి దగ్గర కొన్నా నాయనా, ఇరవై రూపాయలకి."

"ఇది మందు డబ్బా లాగున్నదే!"

"తెలుసు బాబూ. అందుకే బూడిద పెట్టి మూడుసార్లు తోమినా. వాసన కూడా పోయింది."

"వాసన పోతే మందు పోయినట్టు కాదవ్వా."

"అయితే ఇందులో ఏ మందు ఉండేది నాయనా?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. పలు మందులు నూనె వంటి ద్రావకములలో కలిపియుండును. ఆ ద్రావకములు ప్లాస్టిక్కులోనికి ఇంకి, తోమిన తరువాత కూడ కొంచెము కొంచెముగ బయటికి వచ్చుచుండును. ఇంతవరకు మాకు తెలియును. ఆ డబ్బాలో ఏ మందు ఉండెనో, అది ఎరుపో ఆకుపచ్చో, ఎవరికైన కడుపులో వికారము పుట్టినచో వైద్యునికి ఏమని చెప్పవలెనో మాకు తెలియలేదు. ఇంత చదివినవారము, జీపు వేసికొని వచ్చినవారము, ఆ అవ్వ అడిగిన ఒక్క ప్రశ్నకు నోరు తెరువలేక నిలిచితిమి. నీళ్లు పారబోయించి, డబ్బాకు రంధ్రము పొడిచి, కొట్టునుండి కొత్త బిందె తెప్పించితిమి. కూలీలకు ఆనాడు ఏమియు కాలేదు. కాని అది మా తనిఖీవలన కాదు.

ఏమియు కాకుండ ఉండని ఊరు ఒకటి బీహారు రాష్ట్రమున కలదు. సారణ్ జిల్లా గండామన్ గ్రామపు పాఠశాలలో 2013 జూలై 16వ తేదీన మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగు మందు ఉన్నట్లు పరీక్షలలో తేలెను. అది ఎరుపు తరగతిలోని మందు. కేరళలో ఓడ, బీహారులో వంటగది; నడుమ 55 సంవత్సరములు, ఒక చట్టము, లెక్కలేనన్ని తనిఖీలు. అయినను అదే తప్పు జరిగెను. ఎందుకనగా ఓడలకు, కొట్లకు తనిఖీ కలదు. ఇంటిలోని, బడిలోని అటకమీది డబ్బాకు తనిఖీ లేదు. అక్కడ చూడగలవారు గ్రామమున నివసించువారే. మీ బడిలో వంట సరుకులు ఉంచు గదికి ఒకసారి పొండు. నూనె డబ్బా కొత్తదో పాతదో అడుగుడు. గదిలో చెదల మందు, ఎలుకల మందు, దోమల మందు ఏదైన ఉన్నదేమో చూడుడు. పావుగంట పని.

ఖాళీ డబ్బాలను గూర్చి చేయవలసినది కష్టము కాదు. మందు అయిపోయిన వెంటనే, చేనిలోనే, డబ్బాను మూడుమార్లు నీటితో తొలచి ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి పైరుపై కొట్టవలెను. పిమ్మట మరల వాడుటకు వీలులేకుండ అడుగున రంధ్రములు పొడువవలెను. పగులగొట్టి జనావాసమునకు దూరముగ పూడ్చవలెనని నియమము చెప్పుచున్నది. బావి, చెరువు, కాలువ సమీపమున పూడ్చరాదని వేరుగ చెప్పనక్కరలేదు. పొయ్యిలో పెట్టి కాల్చుట మిక్కిలి చెడ్డ అలవాటు. పాత సామానులు కొనువారు ఊరిలోనికి వచ్చినపుడు మందు డబ్బాలు కొనరాదని, ఇంటివారు అమ్మరాదని పంచాయతీవారు చాటింపు వేయించినచో, మా పది తనిఖీలకంటె అది ఎక్కువ పని చేయును.

మందు ఒంటికి తగిలి ఎవరైన పడిపోయినచో, తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బునీటితో ఒళ్లు కడిగి, 108 వాహనమునకు కబురు చేయవలెను. వాంతి చేయించుటకు ఉప్పునీళ్లు త్రాగించుట ప్రమాదము. నోట నురుగు, చెమటలు, కంటిపాప చిన్నదగుట, ఊపిరి బరువగుట కొన్ని జాతుల మందులకు గుర్తులు. వానికి అట్రోపిన్ అను విరుగుడు కలదు. పారాక్వాట్ అను కలుపు మందునకు విరుగుడే లేదు. కనుక రోగితో కూడ డబ్బానుగాని చీటీనిగాని ఆసుపత్రికి పంపవలెను. చీటీ చూచిన వైద్యుడు ఊహించుటకు కాలము పోగొట్టుకొనడు.

ఇంతవరకు ఇతరుల కొట్లు, ఇతరుల డబ్బాలు. ఇప్పుడు పంచాయతీవారి గదిలోనికి వత్తము. సభ్యులకు కొంచెము కష్టముగ తోచవచ్చును గాని, పెక్కు గ్రామములలో ప్రమాదకర పదార్థమును నిలువయుంచినవారిలో పంచాయతీ కూడ ఒకటి. బ్లీచింగు పౌడరు సంచులు ఏ గదిలో ఉన్నవి? వాని ప్రక్కన ఏమున్నది? మేము చూచిన ఒక కార్యాలయపు వెనుక గదిలో బ్లీచింగు సంచి మూతి విప్పియుండెను, దానిని ఆనుకొని మరుగుదొడ్లు కడుగు యాసిడ్ సీసాలు, మూలన కిరోసిను. యాసిడ్ ఒలికి బ్లీచింగులో కలసినచో క్లోరిన్ వాయువు పుట్టును. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది. పైకి పోక నేలబారున నిలిచి, గదిలోనికి వంగి దూరినవాని ఊపిరి పట్టును. కిరోసినువంటి మండు పదార్థము దానికి తోడైనచో నిప్పు రేగుటకు అవకాశము కలదు.

ఆ విప్పిన సంచివలన రెండవ నష్టము కూడ కలదు. మంచి బ్లీచింగు పౌడరులో సుమారు 33 శాతము క్లోరిన్ ఉండును. గాలి, వెలుతురు, చెమ్మ తగిలినకొలది ఆ బలము తగ్గిపోవును. మంచి పౌడరైనచో 1000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాములు చాలును. బలము పోయిన పౌడరును అదే కొలతతో వేసినచో ట్యాంకు రిజిస్టరులో క్లోరినేషన్ జరిగినదని వ్రాయబడును, నీటిలో మాత్రము జరుగదు. కుళాయి చివరి ఇంటివద్ద కూడ లీటరు నీటికి కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. క్లోరోస్కోపుతో ఇది రెండు నిమిషములలో తేలును. వానకాలమున వాంతులు, విరేచనములు ప్రబలినపుడు మేము మొదట అడుగునది ఈ సంచి ఎప్పుడు విప్పినారని.

పెద్ద ట్యాంకుల వద్ద క్లోరిన్ సిలిండర్లు వాడు పథకములున్న గ్రామములలో ఇంకొంత జాగ్రత్త అవసరము. తుప్పు పట్టిన సిలిండరు, ఏండ్లతరబడి వాడక వదలివేసిన సిలిండరు మీ హద్దులో ఉన్నచో దానిని ఎవరును కదల్చరాదు. మాకు వ్రాయుడు.

ఇక కర్మాగారములు. ఒకప్పుడు కర్మాగారము పట్టణపు సంగతి. నేడు పారిశ్రామికవాడలు పంచాయతీల హద్దులలోనే వెలయుచున్నవి. ఊరు పెరిగి కర్మాగారము గోడవరకు పోవుచున్నది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో పురుగు మందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేట్ అను వాయువు వెలువడి వేలమందిని బలిగొనెను. ఆ రాత్రి పరుగెత్తినవారికి తాము దేనినుండి పరుగెత్తుచున్నారో తెలియదు. ఏ వాయువునకు చికిత్స చేయవలెనో వైద్యులకును తెలియదు. ఆ అజ్ఞానము తప్పించుటకే అమెరికావారు 1986లో, రసాయనముల జాబితాను స్థానిక సంఘమునకు, అగ్నిమాపక దళమునకు ఇయ్యవలెనని శాసనము చేసిరి. మన దేశమున 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకర కర్మాగారపు యజమాని తన వద్ద గల అపాయములను, వానికి తీసికొన్న జాగ్రత్తలను పనివారికి, ప్రధాన ఇనస్పెక్టరుకు, స్థానిక సంస్థకు, చుట్టుపట్ల ప్రజలకు తెలుపవలెనని విధించిరి. 2020 నాటి వృత్తి భద్రతా కోడులో కూడ ఈ విధి నిలిచియున్నది. స్థానిక సంస్థ అను ఆ మాటలో మీరు ఉన్నారు. సభ్యులు చట్టములోని ఈ ఒక్క ముక్క గుర్తుంచుకొన్నను మేలు.

తెలుపవలసినవారు తెలుపక, అడుగవలసినవారు అడుగక యుండినచో ఏమగునో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము ప్రక్కనున్న ఆర్. ఆర్. వెంకటాపురమున చూచితిమి. అచటి కర్మాగారపు ట్యాంకులో స్టైరీన్ అను ద్రవము నిలువయుండెను. స్టైరీన్‌ను చల్లగ ఉంచవలెను. దానిలో నిరోధకమగు ఒక మందు తగిన పాళ్లలో ఉండవలెను. లేనిచో అది తనలో తానే గడ్డకట్టుచు వేడిని పుట్టించును, ఆ వేడి ఆ క్రియను మరింత త్వరపెట్టును. కరోనా కారణముగ కర్మాగారము మూతపడియున్న దినములవి. పని ఆగెను గాని ట్యాంకులోని పదార్థము ఆగలేదు. వేడెక్కి ఆవిరియై నిద్రలోనున్న ఊరిమీదికి వచ్చెను. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడురెట్లకు పైగా బరువు, వీధులలో పారాడెను. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. ప్రమాదమును తెలుపు సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తన నివేదికలో వ్రాసినది. ఊరివారిని లేపినది ఘాటైన వాసన, ప్రక్కింటివారి కేకలు.

అట్టి కర్మాగారము మీ హద్దులోగాని, మీ పొరుగుననే గాని ఉన్నచో, పంచాయతీ తీర్మానము చేసి వ్రాతమూలకముగ అడుగదగినవి కొన్ని కలవు. మేము అడుగు ఆ నాలుగు ప్రశ్నలే మొదట అడుగుడు. తరువాత సైరను సంగతి: దాని మ్రోత ఊరి చివరి ఇంటికి వినబడునా? ఎన్ని మ్రోతలు అపాయమునకు గుర్తు? రాత్రివేళ దానిని మ్రోగించు అధికారము ఎవరికి కలదు? కర్మాగారము మూతపడినపుడు ట్యాంకులను ఎవరు చూచుచున్నారు? ఈ చివరి ప్రశ్న వెంకటాపురము తరువాత మేము కూడ నేర్చుకొన్నది. 1989 నాటి నియమముల ప్రకారము పెద్ద ప్రమాదమునకు అవకాశము గల చోట్ల కర్మాగారము లోపల ఆరు నెలలకొకసారి, వెలుపలి ప్రణాళికకు ఏటికొకసారి అభ్యాసము జరుగవలెను. మీ ఊరిలో అట్టిది ఎన్నడైన జరిగెనా? జరిగినచో దానికి సంతకములు చేసినవారు ఎవరు? వాయువు వచ్చినపుడు గాలికి ఎదురుగ పరుగెత్తిన పని లేదు, గాలి పోవు దిక్కున పోరాదు. గాలికి అడ్డముగ, మిట్టవైపుగ, ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని పోవలెను. ఈ సంగతి ఒకసారి నడచి చూచినవారికే గుర్తుండును.

1996 నాటి రసాయన ప్రమాదముల నియమములలో స్థానిక ఆపద సంఘము అని ఒకటి ఏర్పరచిరి. సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అధ్యక్షుడు. నెలకొకసారి సమావేశము కావలెను. సభ్యుల పట్టికలో అధ్యక్షుడు నామనిర్దేశము చేయు సర్పంచి లేక గ్రామ పెద్ద స్థానము స్పష్టముగ వ్రాసియున్నది. ఆ కుర్చీ ఖాళీగ ఉన్నదో, నిండియున్నదో తెలిసికొని, ఖాళీగ ఉన్నచో మీ గ్రామము తరఫున ఒకరిని నియమింపుమని ఆర్.డి.ఓ. గారిని కోరుట మీ హక్కు.

మాకు వచ్చు ఫిర్యాదులను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. "ఫ్యాక్టరీవలన దుర్వాసన వచ్చుచున్నది, తగు చర్య తీసికొనగోరుచున్నాము" అని వ్రాసిన కాగితములు మా బల్లలపై ఎన్నియో ఉన్నవి. మేము వచ్చు పగటివేళ ఆ వాసన ఉండదు. "వాసన లేదు" అని మేము నివేదిక వ్రాయుదుము, అధికారులు కుమ్మక్కైనారని మీరు అనుకొందురు. ఆ అనుమానము ఎల్లప్పుడు తప్పని మేము ప్రమాణము చేయలేము. కాని పెక్కుసార్లు లోపము కాగితములో ఉండును. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు, గాలి ఏ దిక్కునుండి వీచుచుండగా, ఎట్టి వాసన, ఎవరికి కండ్లు మండినవి, ఏ పశువు ఏ కాలువ నీరు త్రాగి పడిపోయినది, ఆ నీటి రంగేమి, ఆ వేళ వచ్చిన ట్యాంకరు లారీ నంబరేమి: ఇవి వ్రాసిన కాగితము ఒకటి చాలును. పది దినములు వరుసగ వ్రాసినచో, ఆ వాసన బుధవారము రాత్రి రెండు గంటలకు వచ్చునని మాకే తెలియును. అపుడు బుధవారము రాత్రి ఒంటిగంటకే మేము గోడప్రక్కన నిలిచియుందుము.

మేము కొద్దిమందిమి, గ్రామములు వేలు. ఒక ఊరికి వచ్చినవారము మరల ఎప్పుడు వత్తుమో చెప్పలేము. అందుచేత ఆ మిరప గ్రామమునుండి వచ్చునపుడు పంచాయతీ కార్యదర్శి గారికి ఒక సలహా ఇచ్చి వచ్చితిమి. ఒక నోటుపుస్తకము తెరచి, గ్రామపు హద్దులో ప్రమాదకర పదార్థము ఉన్న ప్రతి చోటును వ్రాయుడు. ఏమి, ఎంత, ఎక్కడ, ప్రక్కన ఏమున్నది, తాళము ఎవరివద్ద, కనిపెట్టినవారు ఎవరు అని గడులు గీయుడు అని చెప్పితిమి. ఆయన తల ఊపిరి. అధికారులు చెప్పినపుడు తల ఊపుట ఆనవాయితీ గనుక మేము అంతగ నమ్మలేదు.

మరుసటి సంవత్సరము పోయినపుడు ఆయన అడుగకుండగనే పుస్తకము తెచ్చి బల్లపై పెట్టిరి. కొట్లు రెండు, కార్యాలయపు బ్లీచింగు, పెట్రోలు సీసాలలో పోసి అమ్ము బడ్డీ ఒకటి, బడి వంటగదిలో దొరకిన ఎలుకల మందు పొట్లము, దానిని తీసివేసిన తేదీ. చివరి పుటలో కొత్త వ్రాత: చెరువు కట్ట క్రింద పీపాలు రెండు, చీటీ లేదు, రాత్రివేళ లారీ వదలిపోయినది, ఎవరును ముట్టలేదు, చుట్టును ముళ్లకంప వేయించి చాటింపు చేసితిమి. కనిపెట్టినవారు అను గడిలో ఒక ఆడుమనిషి పేరు. ఎవరామె యని అడిగితిమి. పోయిన యేడు చేలో నీళ్లు పోసిన అవ్వయేనని ఆయన చెప్పిరి. ఆ మధ్యాహ్నమే కట్టవద్దకు పోయి, కంప తొలగించి, రెండు పీపాలనుండియు నమూనాలు తీయించి ప్రయోగశాలకు పంపించితిమి. సాక్షులుగ ఇద్దరు పంచాయతీ సభ్యులు పిలువకముందే వచ్చి సంతకములు చేసిరి.